గుడ్ల వ్యాను ఇంజనుతో ఖఫ్జీ దాకా

ఇస్సాక్ భాయ్ గురించి చెప్పాలంటే ముందు నా తప్పు చెప్పుకోవాలి. దాన్ని దాచిపెట్టి ఆయన గొప్పతనం ఒక్కటే చెబితే చదివేవాళ్లని మోసం చేసినట్టే. నా పేరు అమ్మిరాజు. మాది అమలాపురం దగ్గర. సౌదీలో పద్దెనిమిదేళ్లుగా ట్రైలర్ తోలుతున్నాను. అంతకుముందు ఆరేళ్లు వెల్డర్‌ని. బండ్ల గురించి నాకు తెలియంది లేదని నా గట్టి నమ్మకం. ఆ నమ్మకంతోనే కిందటి ఆగస్టులో ఒక పెద్దమనిషి నోటికాడి కూడు పడగొట్టబోయాను.

ఇస్సాక్ భాయ్‌ది ప్రొద్దుటూరు. వయసు యాభై రెండు. ఖతీఫ్‌లో మెకానిక్ షెడ్లన్నీ ఉండే సనాయియాలో ఇరవై ఆరేళ్లుగా ఆయనది ఒకటే షెడ్డు, ఒకటే కఫీల్, అంటే వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని. బక్కమనిషి, మాట తక్కువ. ఏ బండి విప్పినా బోల్టుల్ని ఖాళీ పెరుగు డబ్బాల్లో, విప్పిన వరసలోనే పెట్టుకుంటాడు. ఆ డబ్బా ఎవడైనా కాస్త పక్కకి జరిపాడా, ఇక చూస్కోండి, అప్పటిదాకా దాచుకున్న మాటలన్నీ ఒక్కసారే బయటికొస్తాయి. ఆ మాటలు నేనిక్కడ రాయలేను.

వాళ్ల నాన్న జబీ సాయబుకి మైదుకూరు రోడ్డులో షెడ్డు ఉండేదట. పెట్రోలు ఖర్చు భరించలేని జీపులవాళ్లు, అంబాసిడర్లవాళ్లు ఆయన దగ్గరికొచ్చి డీజిల్ ఇంజన్లు పెట్టించుకునేవారట. అంటే ఇవాళ కుర్రాళ్లు యూట్యూబులో ‘ఇంజన్ స్వాప్’ అంటూ నోరు తెరుచుకుని చూసే పనిని ఇస్సాక్ భాయ్ నిక్కర్లు వేసుకునే వయసులోనే చేశాడన్నమాట. ఈ సంగతి ఆయన మాకెప్పుడూ చెప్పలేదు. మేమూ అడగలేదు. మాకు మా వాగుడే సరిపోయేది.

మేమంటే ముగ్గురం. శుక్రవారం పొద్దున్నే ఆ షెడ్డు ముందు చేరేవాళ్లం. అల్ అజీజియా నుంచి ఉదయకిరణ్ వచ్చేవాడు. కరీంనగర్ కుర్రాడు, పెద్ద ఆఫీసులో ఇంజనీరు, ఎనిమిది సిలిండర్ల కారు ఉంది, కార్ల మీద వీడియోలు చేస్తాడు. రెండోవాడు హైదరాబాదు ఆఫ్తాబ్, స్పేర్ పార్టుల కొట్లో పని. మూడోవాణ్ని నేను. పాలు కలపని సులేమానీ చాయ్ తాగడం, ఏ ఇంజన్ గొప్పదో అరుచుకోవడం, మధ్యాహ్నానికి మొహాలు మాడ్చుకుని వెళ్లిపోవడం, వచ్చే శుక్రవారానికి అన్నీ మర్చిపోయి మళ్లీ చేరడం. మా వారాంతం అంతే.

ఇస్సాక్ భాయ్ కఫీల్ పేరు అబూ హసన్. డెబ్బై దాటిన ముసలాయన. ఆయనకి ఖర్జూరం తోట ఉంది. అన్న అలీ బతికున్నంతకాలం అన్నదమ్ములిద్దరూ ఏటా తొలి కోత ఖర్జూరాన్ని తమ పాత పికప్‌లో ఖఫ్జీలో ఉన్న చెల్లెలి కొట్టుకి తీసుకెళ్లేవారు. పికప్‌ని ఇక్కడ వనేత్ అంటారు. ఖఫ్జీ అంటే కువైట్ సరిహద్దు దగ్గర, దాదాపు మూడు వందల కిలోమీటర్లు. అన్న నడిపేవాడు, తమ్ముడు పక్కన కూర్చునేవాడు. అలీ పోయి రెండేళ్లయింది. ఆ రెండేళ్లూ వనేత్ షెడ్డు వెనక ఎండలో పడుంది. ఇంజన్ బిగుసుకుపోయింది.

అబూ హసన్ కొడుకు హసన్‌కి ఈ షెడ్డు మీద మనసు లేదు. అది తీసేసి కాఫీ షాపు పెట్టాలని వాడి కోరిక. ఒకరోజు కాఫీ షాపులు నడిపే లావాటి మనిషిని టేపుతో సహా వెంటబెట్టుకొచ్చి వాకిలి కూడా కొలిపించాడు. ముసలాయన ఒప్పుకోలేదు. తండ్రీకొడుకులు మా ముందే గొడవపడి, చివరికి ఒక మాట మీదకి వచ్చారు. ఈ ఏడు తొలి ఖర్జూరం ఆ వనేత్‌లోనే ఖఫ్జీ చేరితే షెడ్డు ఇస్సాక్ చేతిలో ఉంటుంది. చేరకపోతే షెడ్డు కాఫీ షాపు అవుతుంది, ఇస్సాక్ వీసా రద్దయి, ఫైనల్ ఎగ్జిట్ మీద ఊరికి పోతాడు. పైగా హసన్ షరతు ఒకటి: కొత్త ఇంజన్ కొనకూడదు, తష్లీహ్‌లో, అంటే తుక్కు బండ్ల యార్డులో, చవగ్గా దొరికిందే పెట్టాలి. కోతకి ఇరవై రోజులుంది. ఇంజన్ మార్పు అనుమతి, కాగితాలు తను చూసుకుంటానన్నాడు ముసలాయన.

యాభై దాటిన మెకానిక్‌కి కొత్త కఫీల్ ఎక్కడ దొరుకుతాడు చెప్పండి! ఊరికి పోవాల్సొస్తే ఏం చేస్తావని అడిగేశాను.

ఆయన చేతులు తుడుచుకుంటూ, “నాకు ఇంగో పని రాదు రాజూ. పొద్దున లేచి ఇంజను శబ్దం ఇనకపోతే నాకు అన్నం గూడ పోదు,” అన్నాడు. అంతే. ఇంక దాని గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు.

ఆయన మాట్లాడకపోతే ఏం, మేం లేమూ? ఆ శుక్రవారం జరిగిన వాదన సనాయియా మొత్తం వింది.

“అన్నా, సింపుల్. వీ ఎయిట్, ఎనిమిది సిలిండర్లది ఏద్దాం,” అన్నాడు ఉదయకిరణ్. “యాక్సిడెంట్ అయిన బండి ఒకటి చూసిన. పవర్ చూస్తే మస్తుంటది. వీడియోకి వ్యూస్ ఎట్లొస్తయో నువ్వే చూడు.”

“అరె నై భాయ్! ఒరిజినల్ ఇంజన్ తీసేస్తే బండికి ఇజ్జత్ ఏముంటది?” అని ఆఫ్తాబ్ లేచాడు. “దీన్నే బాగు చేయాలె. పిస్టన్లు నేను తెప్పిస్త.”

“ఎప్పుడు తెప్పిస్తావు, వచ్చే ఏడు కోతకా?” అన్నాను నేను. “డీజిల్ పెట్టండయ్యా బాబూ! బరువు లాగడమంటే డీజిలే. ఈ మాత్రం తెలీకుండా పొద్దస్తమానం కార్ల గురించి ఎలా మాట్లాడతారో!”

“రాజన్నా, నీకు ట్రైలర్ తప్ప ఏం తెల్వది.”

“ఒరే, నీకు ఫోను తప్ప ఏం తెలుసురా?”

అలా రెండు గంటలు. ఆఫ్తాబ్ చాయ్ గ్లాసు నేలకేసి కొట్టాడు. ప్లాస్టిక్‌ది కాబట్టి బతికిపోయింది. ఇస్సాక్ భాయ్ మాత్రం వనేత్ కింద పడుకుని ఏవో కొలతలు తీసుకుంటున్నాడు. మా గొంతులు అలిసిపోయాక మెల్లగా బయటికొచ్చి, “తష్లీహ్‌లో అంగళ్లకి కోడిగుడ్లు తోలే వ్యాను ఒకటి ఉండాది. నాలుగు సిలిండర్లు. వెనక నుంచి ఎవుడో గుద్దినాడు, ముందర ఏం గాలేదు. ఇంజను, గేరుబాక్సు, వైర్లతో సహా చెప్పి వొచ్చినా,” అన్నాడు.

గుడ్ల వ్యాను! ముగ్గురం ఒకరి మొహం ఒకరు చూసుకుని పగలబడి నవ్వాం. మా ముగ్గురికీ ఒకే మాట మీద పొత్తు కుదరడం అదే మొదటిసారి. ఉదయకిరణ్ నెత్తి పట్టుకుని, “పరువు పోతదే అన్నా!” అన్నాడు.

“దినామూ ఎండలో తిరిగి, గుడ్డు పగలకుండా దించిన ఇంజనప్పా అది. నాకు అంతకంటే ఏం కావల్ల?” అన్నాడాయన.

ఇంజన్ వచ్చింది. తర్వాతి శుక్రవారానికి పాతది తీసేసి కొత్తది లోపల కూర్చోబెట్టాడు. మేం వెళ్లేసరికి వనేత్ వెనక తొట్టి నిండా ఇసక సంచులు. ఇరవై సంచులు, ఒక్కోటి నలభై కిలోలు. గేరుబాక్సు నుంచి వెనక ఇరుసు దాకా ఒక దారం లాగి కట్టి ఉంది. పక్కన తాపీమేస్త్రీలు వాడే గుండు వేలాడుతోంది.

“ఇదేంది అన్నా, టన్ను బరువేసి వెల్డింగ్ చేస్తవా?” అన్నాడు ఉదయకిరణ్.

“బండి ఖర్జూరం ఎత్తుకోని గదా పోయేది! బరువేస్తే వెనక దిగుతాది, లోపల షాఫ్టు వంపు మారుతాది. బండి యెట్ల పోతాదో అట్ల నిలబెట్టే ఇంజను కట్టల్ల. మా నాయన శెనక్కాయ మూటలేసి కట్టేటోడు.”

అప్పుడే ప్రొద్దుటూరు నుంచి ఆయన భార్య మెహరున్నిసా వీడియో కాల్ చేసింది. ఆమె పుట్టిల్లు జబీ సాయబు షెడ్డు పక్కనేనట. మేం నవ్వుతుంటే ఆమె ఊరుకోలేదు. “నవ్వబాకండన్నా! మా పెండ్లి జీపుకి ఆ పొద్దే ఇంజను మార్చినారు. మూటలు ల్యాకపోతే మా మామ పెండ్లివాళ్లందర్నీ ఎక్కి కూచోమన్యాడు. పట్టుచీరల్లో గంటసేపు కదలకుండా కూచున్యాం. ఆ జీపు పదైదేండ్లు తిరిగింది, తెల్సునా?” అంది. మేం ఇంకా నవ్వాం. అంత పొగరు మాది.

ఇంజన్‌ని పట్టి ఉంచే ముందు పట్టీలు వెల్డింగ్ అయ్యాయి. గేరుబాక్సు కింద పట్టీ ఒక్కటి మిగిలింది. అది కదలకుండా వెల్డింగ్ చుక్కలు మాత్రం పెట్టి, జుమ్మా నమాజుకి వేళయిందని ఇస్సాక్ భాయ్, ఆఫ్తాబ్ మసీదుకి వెళ్లారు. షెడ్డులో నేను, ఉదయకిరణ్ మిగిలాం.

ఇక్కడే కొంప మునిగింది. ఉదయకిరణ్‌కి వీడియోలో ఆ మురికి సంచులు బాగా కనబడలేదు. “దించేద్దాం రాజన్నా, క్లీన్ షాట్ తీసుకుంట,” అన్నాడు. పాపం ఇస్సాక్ భాయ్‌కి పని తగ్గుతుంది కదా అని నేను కూడా చెయ్యి వేశాను. సంచులన్నీ దించాం. బండి వెనక భాగం పైకి లేచింది. దారం చూస్తే వాలు మారిపోయింది! ఉదయకిరణ్ ఫోన్ పెట్టి కొలిచాడు. “త్రీ డిగ్రీస్ ఎర్రర్ అన్నా! ఇస్సాక్ అన్న తప్పు కొలిచిండు!” అన్నాడు.

నేనేం చెయ్యాలి? ఆయన వచ్చేదాకా ఆగాలి. ఆగానా? నా చేతులు ఊరుకుంటాయా? పెద్దాయన తప్పు నలుగురిలో బయటపడకుండా గుట్టుగా సరిచేద్దామని, చుక్కలు ఊడగొట్టి, దారానికి సరిపోయేలా గేరుబాక్సు జరిపి, పట్టీని గట్టిగా వెల్డ్ చేసేశాను. సంచులు మళ్లీ ఎక్కించి, బిర్యానీ తినడానికి వెళ్లిపోయాం. గొప్ప మేలు చేసినట్టు లోపల్లోపల మురిసిపోయాను కూడా.

ఇస్సాక్ భాయ్ వచ్చి చూసి, వెల్డింగ్ పూర్తి చేసినందుకు ఫోన్ చేసి మరీ నాకు దండం పెట్టాడు. తను దారం పెట్టిన చోటే వెల్డ్ చేశాననుకుని, మళ్లీ కొలవకుండానే దారం విప్పేశాడు. నా చేతి పని మీద ఆయనకి అంత గురి.

మిగతా పని వారం పట్టింది. కోతకి మూడు రోజులుందనగా ట్రయల్‌కి తీశాం. ఇంజన్ ఒక్క తిప్పుకే స్టార్టయింది. మెత్తటి శబ్దం. హసన్ కూడా వచ్చి చూశాడు. ఇరవై సంచులతో హైవే ఎక్కాం, నేనూ పక్కనే ఉన్నాను. అరవైలో బాగుంది. ఎనభై దాటగానే కింద నుంచి దడదడ మొదలైంది. సీటు, అద్దాలు, నా పళ్లు, అన్నీ వణికాయి. ఆపేలోపే ఠప్ మని ఒక చప్పుడు. ఇంజన్ బలాన్ని వెనక చక్రాలకి చేర్చే షాఫ్టు ఊడి రోడ్డు మీద ఈడ్చుకుపోయింది. బండి మోసే లారీ పిలిచి, సంచులు రోడ్డు పక్కనే పడేసి, వనేత్‌ని తిరిగి షెడ్డుకి తెచ్చాం.

హసన్ ఫోన్ తీసి కాఫీ షాపు మనిషికి ఎల్లుండి పొద్దున రమ్మని చెప్పాడు.

ఇస్సాక్ భాయ్ ఆ రాత్రీ మర్నాడూ షాఫ్టు పట్టుకుని కూర్చున్నాడు. తిట్టలేదు, అరవలేదు. “మా నాయన చెప్పింది యాడో మర్చిపోయినా రాజూ. దారం సరిగ్గానే కట్టినానే. నాకు పనితనం పోయింది. ఇంగ ఊరికి పోవాల్సిందే,” అన్నాడు. ఇరవై ఆరేళ్లలో ఆ మనిషి నోట అలాంటి మాట ఎవరూ విని ఉండరు. నాకు తల తీసేసినట్టయింది. ఏడుపొచ్చేసింది. సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఆయన కాళ్ల దగ్గర నేల మీద కూలబడి ఏడ్చాను.

“నీ పనితనం పోలేదయ్యా! నేనే, నా పాడు చేతులే! మీరు నమాజుకి పోయినప్పుడు సంచులు దించేసి పట్టీ జరిపేశాను. నన్ను కొట్టు భాయ్!”

నేను చెంప చూపించి కూర్చున్నాను. ఆయన మొహంలోకి మెల్లగా ఒక వెలుగొచ్చింది. “అంటే నా దారం తప్పు కాదా?” అన్నాడు. లేచి నిలబడ్డాడు. “తప్పు కాదంట!” అని గోడకి కూడా చెప్పాడు. ఆ తర్వాత మొదలుపెట్టాడు కడప తిట్లు. పావుగంట. అంత హాయిగా తిట్లు తినడం నా జన్మలో అదే మొదలు.

మర్నాడు పొద్దున తొమ్మిదింటికి కొత్త షాఫ్టుతో ఆఫ్తాబ్ వచ్చాడు. ఎక్కడెక్కడ వెతికాడో, గుమ్మంలో అడుగుపెడుతూనే నన్నూ ఉదయకిరణ్‌నీ దులిపేశాడు. పట్టీ కోసి మళ్లీ కట్టాలి. బరువు కావాలి. సంచులేమో హైవే పక్కన ఉన్నాయి.

ఇస్సాక్ భాయ్ నన్ను కిందా పైనా చూశాడు. “నీ బరువెంత రాజూ?”

“నూట నాలుగు.”

“ఎక్కు. మూటలు దించింది మీరు, కూచోవాల్సింది మీరే.”

ఎక్కాను. ఉదయకిరణ్‌ని ఎక్కించాడు, ఆఫ్తాబ్‌ని ఎక్కించాడు. బ్యాటరీల షాపు అర్షద్, వాళ్ల తమ్ముడు ఇస్మాయిల్, పక్క షెడ్డులో రంగులేసే పాకిస్తానీలు ముగ్గురు, టైర్ల కొట్టు బంగ్లాదేశీ ఒకడు, అందర్నీ బరువు అడిగి మరీ ఎక్కించాడు. ఆగస్టు ఎండ, సముద్రం ఉక్క. తొమ్మిది మంది మగాళ్లం ఆ తొట్టిలో మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నాం. కదిలితే కింద నుంచి సుత్తితో కొట్టేవాడు. ఆ టైములోనే మెహరున్నిసా వీడియో కాల్. ఆమె మమ్మల్ని చూసి పడీపడీ నవ్వి, “పెండ్లికొడుకు యాడన్నా?” అంది.

సరిగ్గా అప్పుడే హసన్ వచ్చాడు, వెనకాల టేపుతో కాఫీ షాపు మనిషి. తొట్టిలో మమ్మల్ని చూసి ఇద్దరూ ముక్కున వేలేసుకున్నారు. ఇస్సాక్ భాయ్ బండి కింద నుంచి తల బయటపెట్టి, అరబీలో, “ఇంకా డెబ్బై కిలోలు తక్కువ, హసన్. ఖర్జూరం పెట్టెలన్నీ కలిపి ఎనిమిది వందలు,” అన్నాడు. అంత తెల్లటి బట్టల మీద ఉన్నవాణ్ని, పైగా తన ఉద్యోగం ఎవడి చేతిలో ఉందో వాణ్నే ఎక్కమన్నట్టు!

హసన్ ఏమనుకున్నాడో, తన తెల్లటి పొడుగు తోబ్ అంచు పైకి పట్టుకుని తొట్టెక్కి నా పక్కన కూర్చున్నాడు. “చిన్నప్పుడు పెదనాన్న నన్ను ఇక్కడే కూర్చోబెట్టేవాడు,” అన్నాడు మెల్లగా. ఇస్సాక్ భాయ్ చెయ్యి చాపి కాఫీ షాపు మనిషి దగ్గర టేపు లాక్కుని, మళ్లీ కిందకి దూరాడు. రెండు గంటలు పట్టింది. ఈసారి వెల్డింగ్ ఆయనే చేసుకున్నాడు. నా చేతికి ఇవ్వలేదు, నేను అడగనూలేదు.

మర్నాడు తెల్లారగానే ఖర్జూరం ఎక్కింది. ఎనిమిది వందల కిలోలు. ఇస్సాక్ భాయ్ నడిపాడు, పక్కన అబూ హసన్. వెనక ఉదయకిరణ్ కారులో మేం ముగ్గురం, హసన్. ఎనభై దాటాడు. తొంభై. వంద. వనేత్ గీత గీసినట్టు పోతోంది. “యా అల్లా, పోతున్నది రా, పోతున్నది!” అని ఆఫ్తాబ్ సీట్లో ఎగిరాడు. దారిలో పెట్రోలుకి ఆగింది ఎవరో తెలుసా? మేమే. ఎనిమిది సిలిండర్ల కారు! ఉదయకిరణ్ బంకు దగ్గర తల ఎత్తలేదు. గుడ్ల వ్యాను ఇంజన్ మా కోసం ఆగకుండా ముందుకెళ్లిపోయింది.

ఖఫ్జీలో చెల్లెలి కొట్టు ముందు వనేత్ అప్పటికే ఆగి ఉంది. ఇస్సాక్ భాయ్ స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని కదలకుండా కూర్చున్నాడు. కళ్లలో నీళ్లు. మేం భయపడి పరుగెత్తాం. పక్క సీట్లో ముసలాయన నోరు కొంచెం తెరిచి, గురకపెట్టి నిద్రపోతున్నాడు.

“జుబైల్ ఊరు దాటినంక పండుకున్యాడు,” అన్నాడు ఇస్సాక్ భాయ్ గుసగుసగా. “ఒక్కసారి గూడ మేలుకోలేదు రాజూ.”

చెల్లెలు బయటికొచ్చి తలుపు తీసింది. ముసలాయన కళ్లు తెరవకుండానే డ్రైవర్ వైపు తిరిగి, “అలీ, వచ్చేశామా?” అన్నాడు.

హసన్ మొహం పక్కకి తిప్పుకున్నాడు. ఇస్సాక్ భాయే, “వచ్చేశాం,” అన్నాడు.

తిరుగు ప్రయాణంలో హసన్ వనేత్ తాళాలు అడిగాడు. ఖతీఫ్ దాకా వాడే నడిపాడు, ఎవరికీ ఇవ్వలేదు.

తర్వాతి శుక్రవారం మేం షెడ్డు దగ్గర ఉండగా కాఫీ షాపు మనిషి వచ్చాడు. మళ్లీ కొలతలకే వచ్చాడనుకున్నాం. వాడు ఇబ్బందిగా నవ్వి, “నా టేపు,” అన్నాడు. ఇస్సాక్ భాయ్ నూనె తుడిచి ఇచ్చాడు. హసన్ లోపలి నుంచి, “ఇక్కడ కొలవడానికి ఏమీ లేదు. ఉస్తాద్‌కి ఒక కాఫీ మాత్రం పంపించు,” అని కేకేశాడు. కాఫీ వచ్చింది. ఇస్సాక్ భాయ్ ఒక్క గుక్క తాగి, “ఛీ, కషాయం!” అని సులేమానీ తెమ్మన్నాడు.

ఆ రోజు షెడ్డులో ర్యాంపు ఎక్కి ఉన్న బండి ఉదయకిరణ్ కారు. వందలో సన్నగా వణుకుతోందని నెలల నుంచి దాస్తున్నాడట, దొంగ వెధవ. ఇస్సాక్ భాయ్ దాని కింద దారం కట్టి, గుండు వేలాడదీసి, బయటికొచ్చి నా వైపు చూశాడు.

“రాజూ, ఎక్కు.”

మారు మాట్లాడకుండా ఎక్కి కూర్చున్నాను.